గ్రాండ్ టూర్ కంచు బొమ్మలు: నకలుకీ ఒక ఖరీదుంది

దూరం వెళ్లొచ్చినవాళ్లు ఉత్తచేతులతో రారు. ఉమ్రాకి వెళ్లినవాళ్లు ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు, జానమాజ్‌లు తెస్తారు. అజ్మీర్ వెళ్లినవాళ్లు సోహన్ హల్వా డబ్బా తెస్తారు. సుమారు 250 ఏళ్ల కిందట ఇటలీ చూడ్డానికి వెళ్లిన ఇంగ్లండ్ జమీందార్ల కొడుకులు మాత్రం కంచు బొమ్మలు తెచ్చుకునేవాళ్లు. పాత సామాన్ల వ్యాపారంలో వాటికి ఈ రోజుకీ 'గ్రాండ్ టూర్ బ్రాంజ్‌లు' అనే పేరుంది.

ముందు ఆ మాటకి అర్థం తేల్చుకుందాం. 18, 19 శతాబ్దాల్లో రోమ్, నేపుల్స్, ఆ తర్వాత పారిస్ కార్ఖానాల్లో, ప్రాచీన గ్రీకు-రోమన్ విగ్రహాలకి నకళ్లుగా పోతపోసి యాత్రికులకి అమ్మిన కంచు బొమ్మలివి. చాలావరకు జానెడు నుంచి మూరెడు ఎత్తు ఉంటాయి. 'యాంటిక్' అనే మాట వినగానే రెండు వేల ఏళ్ల నాటిది అనుకుంటారు కొందరు. రూపం అంత పాతదే, కానీ పోత మాత్రం 100 నుంచి 250 ఏళ్లది. ఈ ఒక్క తేడా తెలియక కొనేవాళ్లు మోసపోతున్నారు, ఇంట్లో ఉన్నవాళ్లు నష్టపోతున్నారు.

మనకెందుకు ఈ గొడవ అంటారేమో. నిజాం కాలంలో హైదరాబాద్ దేవిడీలకి యూరప్ నుంచి వచ్చిన సామానుకి లెక్కలేదు. షాండిలియర్లు, గడియారాలు, పాలరాతి బొమ్మలు, కంచు బొమ్మలు అన్నీ వచ్చాయి. దేవిడీలు పోయాయి, సామాను చేతులు మారింది. కొన్ని జుమ్మెరాత్ బజార్‌కి చేరాయి, కొన్ని ఇంకా ఎవరింట్లోనో పాత బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఆస్తి పంపకాల రోజు ఆ బొమ్మ ఏంటో చెప్పేవాళ్లు లేక, తూకం వేసి కబాడీకి ఇచ్చేస్తే పోయేది ఎంతో కూడా తెలియదు.

ఎవరు వెళ్లారు, ఎక్కడికి

'గ్రాండ్ టూర్' అనే మాట 1670లో అచ్చయిన రిచర్డ్ లాసెల్స్ ఇటలీ యాత్రా పుస్తకంలో కనిపిస్తుంది. ఆ తర్వాత అదొక రివాజు అయిపోయింది. డబ్బున్న ఇంటి అబ్బాయికి ఇరవై ఏళ్లు రాగానే, వెంట ఒక మాస్టారుని ఇచ్చి యూరప్ పంపేవాళ్లు. ఈ మాస్టార్లకి ఇంగ్లండ్‌లో ఒక ఎగతాళి పేరుండేది: ఎలుగుబంటిని ఆడించేవాడు! కుర్రాళ్లు ఎలా ఉండేవాళ్లో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు. పారిస్‌లో కొన్నాళ్లు ఉండి మర్యాదలు నేర్చుకోవడం, ఆల్ప్స్ కొండలు దాటడం, ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్, వెనిస్ చూడడం, ఇదీ మామూలు దారి. కొండ కనుమల దగ్గర బండిని ముక్కలుగా విప్పి గాడిదల మీదికి ఎక్కించేవాళ్లు, దొరగారిని కుర్చీలో కూర్చోబెట్టి మనుషులు మోసుకెళ్లేవాళ్లు. యాత్ర కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్ల దాకా సాగేది.

1763లో ఏడేళ్ల యుద్ధం ముగిశాక ఇటలీకి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. అప్పటికే నేపుల్స్ పక్కన భూమిలో కూరుకుపోయిన పాత ఊళ్లు బయటపడుతున్నాయి. హెర్క్యులేనియంలో 1738లో, పాంపేలో 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద 1,700 ఏళ్లు దాగిన కంచు విగ్రహాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. చదువుకున్నవాడు అనిపించుకోవాలంటే అవి చూసి తీరాలి. చూశానని నలుగురికీ చెప్పుకోవాలంటే ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కొందరు పోంపెయో బటోనీ దగ్గర కూర్చుని తమ చిత్రం గీయించుకున్నారు, కొందరు పిరనేసి చెక్కిన రోమ్ శిథిలాల ప్రింట్లు కొన్నారు. కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగినవాళ్లు కంచు బొమ్మలు ఆర్డర్ ఇచ్చారు.

అసలు ఎందుకు దొరకలేదు

అసలు కంచు విగ్రహం కొనాలంటే కంచు కాగడా పెట్టి వెతికినా దొరకదు. కంచుతో ఉన్న చిక్కు ఏంటంటే, దాన్ని మళ్లీ కరిగించుకోవచ్చు. యుద్ధం వస్తే ఫిరంగి అవుతుంది, రాజుకి డబ్బు కావాలంటే నాణెం అవుతుంది, చర్చికి గంట అవుతుంది. అందుకే ప్రాచీన కంచు విగ్రహాల్లో మిగిలినవి చాలా తక్కువ. నేల కిందో, సముద్రం అడుగునో ఉండిపోయినవే ఎక్కువగా బతికాయి.

నేల మీద ఉండి కూడా బతికిన దానికి పెద్ద ఉదాహరణ రోమ్‌లోని మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి విగ్రహం. గుర్రం మీద కూర్చుని చెయ్యి చాపి ఉంటాడు. మధ్యయుగంలో జనం ఆయన్ని క్రైస్తవ మతం స్వీకరించిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి అనుకున్నారు, అందుకని కరిగించలేదు. మనిషిని పొరబడ్డారు కాబట్టి విగ్రహం మిగిలింది! 1538లో దాన్ని కాపిటోలైన్ కొండ మీది చౌక్‌లో నిలబెట్టారు. ఇప్పుడు అసలు విగ్రహం పక్కనే మ్యూజియం లోపల ఉంది. చౌక్‌లో యాత్రికులు ఫోటోలు దిగేది నకలుతోనే.

ఇక ఉన్నవాటిని ఊరు దాటించడం కూడా సులభం కాదు. నేపుల్స్ రాజు తవ్వకాల్లో దొరికిన ప్రతి వస్తువూ తనదే అన్నాడు. 1755లో పురాతన వస్తువులు రాజ్యం దాటకూడదని ఫర్మానా ఇచ్చాడు. చూడ్డానికి వచ్చినవాళ్లని అక్కడ బొమ్మ గీసుకోనిచ్చేవాళ్లు కూడా కాదు. హెర్క్యులేనియం వస్తువుల చిత్రాలతో 1757 నుంచి ఆస్థానం వేసిన పెద్ద పుస్తకాలు కూడా మొదట్లో అమ్మకానికి లేవు, రాజుగారు బహుమతిగా ఇస్తేనే దొరికేవి. రోమ్‌లో పోప్ ప్రభుత్వం కూడా ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. 1820 నాటి పాక్కా శాసనం వీటిలో బాగా పేరున్నది. అయినా పాలరాతి విగ్రహాలు కొన్ని బయటికి వెళ్లాయి. థామస్ జెంకిన్స్ లాంటి ఇంగ్లిష్ డీలర్లు రోమ్‌లో కూర్చుని, విరిగిన చేతులూ ముక్కులూ అతికించిన పాలరాతి విగ్రహాలని ధనవంతులకి అమ్మారు. అది బాగా పెద్దవాళ్ల బేరం. మిగతా దొరలకి నకలే గతి.

ఇందులో ఒక తమాషా ఉంది. దొరలు ఎగబడి చూసిన అపోలో బెల్వెడేర్ విగ్రహం వాటికన్‌లో ఉంది, అది పాలరాయి. కానీ పండితుల మాట ప్రకారం అది పోయిన ఒక గ్రీకు కంచు విగ్రహానికి రోమన్లు చెక్కించుకున్న నకలు. దాన్ని చూసి 18వ శతాబ్దపు రోమ్ కళాకారుడు మళ్లీ కంచులో పోశాడు. అంటే దొరగారు ఇంటికి పట్టుకెళ్లింది నకలుకి నకలు.

రోమ్ దుకాణాలు, వాటి రేట్ల పట్టికలు

చిన్న కంచు నకళ్లు 18వ శతాబ్దంలో కొత్తగా పుట్టలేదు. 1500 ప్రాంతంలోనే మాంటువా పాలకుల కోసం ఒక శిల్పి ప్రాచీన విగ్రహాలని చిన్న సైజులో పోసేవాడు. ఆ పని మీద అతనికి 'ఆంటికో' అనే పేరే పడిపోయింది. ఫ్లోరెన్స్‌లో జాంబొలోన్యా చిన్న కంచు బొమ్మలని మెడిచి ప్రభువులు పక్క రాజ్యాలకి కానుకలుగా పంపేవాళ్లు. అవన్నీ దర్బారు వ్యవహారాలు. దుకాణానికి వెళ్లి డబ్బిచ్చి కొనుక్కునే సరుకుగా మారింది 18వ శతాబ్దంలోనే.

ఈ వ్యాపారంలో రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి జొఫోలీ కుటుంబం. జాకొమో జొఫోలీ 1785లో చనిపోయాడు, ఆ తర్వాత జొవాన్నీ జొఫోలీ పని కొనసాగించాడు. రెండోది ఫ్రాంచెస్కో రిగెట్టి, 1749లో పుట్టినవాడు. రోమ్‌లో పేరున్న వెండి, కంచు పనివాడు లూయిజీ వలదియేర్ దగ్గర పని నేర్చుకున్నాడు.

కామర్స్ చదివినవాడిగా నన్ను ఆకట్టుకున్నది బొమ్మల అందం కన్నా వీళ్ల రేట్ల పట్టికలు. రిగెట్టి 1794లో ఫ్రెంచ్ భాషలో తన సరుకు జాబితా అచ్చువేయించాడు. కొనేవాళ్లు యూరప్ నలుమూలల నుంచి వస్తారు, పెద్దింటివాళ్లందరికీ వచ్చిన భాష ఫ్రెంచ్, అందుకని ఫ్రెంచ్‌లో. జొఫోలీ పట్టిక కూడా 1795 ప్రాంతానిది ఉంది. రోమ్‌లో ఉన్న ఒక ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ దాన్ని లండన్‌లోని తన యజమానికి పంపాడు. ఇల్లు కట్టే మేస్త్రీ మన కోసం టైల్స్ క్యాటలాగ్ పంపిస్తాడే, అచ్చం అలాగే. బొమ్మ పేరు, దాని ధర పట్టికలో ఉంటాయి. దొరగారు లండన్‌లో కూర్చునే ఆర్డర్ పెట్టొచ్చు. బేరం, నమ్మకం, పరిచయం మీద నడిచే కళా వ్యాపారంలో ఇది చిన్న మార్పు కాదు.

అమ్మకం కూడా సెట్ల లెక్కన జరిగేది. చలిదేశం కదా, ప్రతి హాల్లో చలిమంట గూడు ఉంటుంది, దాని పైన పాలరాతి అరుగు ఉంటుంది. ఆ అరుగు నిండాలి. మధ్యలో ఒక పెద్ద బొమ్మ, అటూ ఇటూ నిలబడ్డ బొమ్మలు, చివర్లో కూజాలు. ఒకటి కొనడానికి వచ్చినవాడు ఐదు కొనేలా చేసే లెక్క ఇది. కొన్నిటి మీద జొఫోలీ తన పేరు చెక్కేవాడు. అంటే ఇది పాతకాలపుది కాదు, నా చేతి పని అని బాహాటంగా చెప్పడం. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అసలు మాట అదే. నకలుని నకలు అనే చెప్పి, పనితనానికి ధర అడిగారు. మోసం తర్వాత చేతుల్లో మొదలైంది.

అందరూ చిన్నవాటితో సరిపెట్టుకోలేదు. మార్ల్‌బరో డ్యూక్ బ్లెన్‌హైమ్ కోట కోసం ఫ్లోరెన్స్ శిల్పి సొల్దానీతో నిలువెత్తు కంచు నకళ్లు పోయించాడు. లండన్ దగ్గర సాయన్ హౌస్‌లో ఉన్న 'మరణిస్తున్న యోధుడు' వలదియేర్ 1773లో పోసిన నిలువెత్తు కంచు నకలు. దాని అసలు రోమ్‌లో ఉంది, అదీ పాలరాయే.

తర్వాత నెపోలియన్ వచ్చాడు, వ్యాపారం కూలబడింది. 1797లో తొలెంతీనో ఒప్పందంతో పోప్ దగ్గర నుంచి మేలైన విగ్రహాలు తీసుకుని పారిస్‌కి తరలించాడు. అపోలో బెల్వెడేర్ కూడా పోయింది. నెపోలియన్ ఓడాక 1815 తర్వాతే తిరిగొచ్చింది. ఇదే రిగెట్టి, కొడుకుతో కలిసి, శిల్పి కనోవా చేసిన నెపోలియన్ విగ్రహాన్ని 1811 ప్రాంతంలో కంచులో పోశాడు. అది ఇప్పుడు మిలాన్‌లో ఉంది. దానికి కావాల్సిన కంచు రోమ్ కోటలోని ఫిరంగుల నుంచి వచ్చింది. విగ్రహాలు ఫిరంగులయ్యాయని పైన చెప్పుకున్నాం, ఇక్కడ ఫిరంగులు విగ్రహమయ్యాయి.

పోత ఎలా పోస్తారు

కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. విగ్రహాల కంచులో సుమారు తొమ్మిది వంతులు రాగి, ఒక వంతు తగరం ఉంటుంది. మన ఇళ్లల్లో కంచు కంచాలు, గంటలు చేసే కంచులో తగరం ఇంకా ఎక్కువ, అందుకే అది ఖంగుమంటుంది. రాగిలో జింక్ కలిపితే ఇత్తడి.

ముందు అసలు విగ్రహాన్ని చూసి చిన్న సైజులో మట్టి నమూనా చేస్తారు. దాని మీద ప్లాస్టర్ అచ్చు తీస్తారు. అచ్చు లోపల మైనం పలచగా పూస్తారు, మధ్యలో మట్టి నింపుతారు. బయటికి తీస్తే మైనం బొమ్మ వస్తుంది. దానికి మైనపు గొట్టాలు అతికించి, చుట్టూ మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, ఆ సందులోకి కరిగిన కంచు పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడతారు. అక్కడితో సగం పనే అయింది. గొట్టాల మొదళ్లు కోయాలి, చిల్లులు పూడ్చాలి, జుట్టు, కనురెప్ప, బట్ట మడత ఒక్కొక్కటే చిన్న ఉలితో తీర్చాలి. మంచి కార్ఖానా బొమ్మకీ చవక బొమ్మకీ తేడా ఈ చివరి పనిలోనే పడుతుంది. తమిళనాడు స్వామిమలై శిల్పులదీ మైనం పద్ధతే, కాకపోతే వాళ్లు లోపల డొల్ల లేకుండా గట్టిగా పోస్తారు. యూరప్ బొమ్మలు చాలావరకు డొల్లవి.

ఆఖరున రంగు. కొత్త కంచు బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు దొరలకి అక్కర్లేదు, పాతదనం కావాలి. అందుకని రసాయనాలు పూసి, వేడి చేసి గోధుమ, నలుపు, ఆకుపచ్చ రంగులు తెప్పించేవాళ్లు. ఆ పైపొరని పాటినా అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో ముందు పనుంది.

నేపుల్స్, పారిస్: కార్ఖానా రోజులు

19వ శతాబ్దంలో రైళ్లొచ్చాయి. 1864లో థామస్ కుక్ కంపెనీ ఇటలీకి టూర్లు మొదలుపెట్టింది. దొరల వెనకాలే వకీళ్లు, డాక్టర్లు, వ్యాపారులు బయల్దేరారు. బొమ్మల గిరాకీ కూడా మారింది. ఎక్కువ సరుకు, తక్కువ ధర కావాలి.

పారిస్‌లో అషీల్ కొలాస్ అనే ఇంజనీరు పెద్ద విగ్రహాన్ని చిన్న సైజులోకి కొలత తప్పకుండా దించే యంత్రం తయారుచేశాడు. 1838లో ఫెర్డినాండ్ బార్బిడియన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. ఒకే విగ్రహం రకరకాల సైజుల్లో దొరికేది, జేబుకి తగ్గది కొనుక్కోవచ్చు. వాళ్ల బొమ్మల మీద కార్ఖానా పేరు, కొన్నిటి మీద 'కొలాస్ యంత్రంతో తగ్గించినది' అనే గుండ్రటి ముద్ర కనిపిస్తాయి. ఇక్కడా అంతే, దాపరికం లేదు.

నేపుల్స్‌లో 1870లో జెన్నారో కియురాజ్జి పెట్టిన కార్ఖానా పెద్దది. సబతీనో దె ఆంజెలిస్ కార్ఖానా, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఫోటోగ్రాఫర్ జార్జియో సొమ్మర్ దుకాణం కూడా ఈ సరుకు అమ్మాయి. వీళ్లకి కలిసొచ్చింది ఏంటంటే, అసలు విగ్రహాలు ఊళ్లోని మ్యూజియంలోనే ఉన్నాయి. పైగా పాంపేలో దొరికిన రెండు మేటి విగ్రహాలు అసలే చిన్నవి. 1830లో దొరికిన 'నాట్యమాడే ఫాన్' 71 సెంటీమీటర్లే. 1862లో దొరికిన 'నార్సిసస్' అంతకన్నా పొట్టిది. అసలు సైజులోనే పోసి బల్ల మీద పెట్టుకోవచ్చు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ పాత సామాన్ల వేలం జరిగినా ఈ రెండింటి నకళ్లు తరచూ కనిపిస్తాయి. రంగు కూడా కొనేవాడి ఇష్టమే: పాంపే పేరుతో ఆకుపచ్చ, హెర్క్యులేనియం పేరుతో ముదురు నలుపు ఛాయ. అమెరికాలో కాలిఫోర్నియాలోని గెట్టి విల్లా తోటలో నిలబెట్టినవి కియురాజ్జి నకళ్లే.

అదే సమయంలో చవక సరుకూ దిగింది. జింక్ ప్రధానంగా ఉండే లోహాన్ని పోసి, పైన కంచు రంగు పూసి అమ్మారు. దాన్ని స్పెల్టర్ అంటారు. జింక్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. మన బీదర్ బిద్రీ పనికి మూలం కూడా జింకే, దాని మీద వెండి తీగ పొదిగి ప్రపంచమంతా మెచ్చుకునేలా చేశారు. బిద్రీని బిద్రీ అనే అమ్ముతారు. స్పెల్టర్‌ని కంచు అని అమ్మితేనే తంటా.

హైదరాబాద్ దాకా వచ్చిన దారి

హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్ జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1876లో యూరప్ వెళ్లారు. మన వైపు నుంచి అటు వెళ్లిన గ్రాండ్ టూర్ అనుకోవచ్చు దాన్ని. రోమ్‌లో ఆయన కొన్నది కంచు కాదు, పాలరాయి. మ్యూజియానికి వెళ్లిన ప్రతివాళ్లూ ఆగి చూసే 'మేలిముసుగు రెబెక్కా' అదే, శిల్పి జొవాన్నీ బెంజోనీ పని. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, బెంజోనీ దాన్ని ఒక్కటే చెక్కలేదు. గిరాకీని బట్టి మళ్లీ మళ్లీ చెక్కించాడు. మిగతావాటిలో కొన్ని అమెరికా మ్యూజియంలలో ఉన్నాయి. అయినా మన రెబెక్కా విలువ తగ్గిందని ఎవరైనా అంటారా?

ఆయన మనవడు మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుంచి రెండేళ్లకి పైగా నిజాం దగ్గర దివాన్‌గా చేసి, మిగతా జీవితమంతా సేకరణ మీదే పెట్టారు. 1949లో వారసులు లేకుండా చనిపోయారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. సుమారు 43 వేల వస్తువుల్లో యూరప్ కంచు బొమ్మలకీ చోటుంది. జనం రెబెక్కా దగ్గరా, మోగే గడియారం దగ్గరా గుమిగూడి వీటిని పట్టించుకోకుండా వెళ్లిపోతారు. ఈసారి పిల్లలతో వెళ్తే కాసేపు ఆగి చూడండి. పోత, రంగు, ఉలి పని ఎలా ఉంటాయో డబ్బు ఖర్చు లేకుండా కంటికి అలవాటవుతుంది. బజారులో మోసపోకుండా ఉండడానికి అంతకన్నా మంచి చదువు లేదు.

ఇంట్లో ఒకటి ఉంటే

మన ఇళ్లల్లో మనిషి బొమ్మలు అలంకరణకి పెట్టుకునే అలవాటు తక్కువ. పెద్దల నుంచి వచ్చినా అటక మీదే ఉంటాయి, ఎప్పుడో ఒకరోజు ఎవరికో ఇచ్చేస్తారు. ఇంట్లో ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ కిలోల లెక్కన ఇచ్చేముందు ఒకసారి చూడండి. గ్రాండ్ టూర్ సామాను అంటే మనిషి బొమ్మలే అని కూడా లేదు. ప్రాచీన కూజాల నకళ్లు, నూనె దీపాలు, సిరాబుడ్లు, ట్రాజన్ స్తంభం నమూనాలు, కూలిన గుడి స్తంభాల నమూనాలు కూడా అదే కోవలోవి.

మొట్టమొదట చేయకూడని పని, తోమడం. మనకి రాగి, ఇత్తడి, కంచు ఏది కనపడ్డా చింతపండు పెట్టి తళతళా తోమే అలవాటు. గిన్నెకి అది మంచిదే. ఈ బొమ్మకి చేస్తే, కార్ఖానావాడు కష్టపడి తెప్పించిన పాటినా, దాని మీద వందేళ్లలో వచ్చిన నునుపు ఒక్క పూటలో పోతాయి. ధరలో పెద్ద భాగం దాంతోపాటే పోతుంది. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడవండి చాలు. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతుంటే మాత్రం అది పాటినా కాదు, తేమ వల్ల లోహాన్ని తినేసే జబ్బు. పొడి చోట పెట్టి, తెలిసినవాళ్లకి చూపించాలి.

తర్వాత తిరగేసి అడుగు చూడండి. కనపడని చోట చిన్న గీత పడి ఉంటే లోపలి రంగు తెలుస్తుంది. పసుపు, ఎరుపు కలిసిన బంగారు ఛాయ అయితే కంచో ఇత్తడో. బూడిద, వెండి రంగు అయితే స్పెల్టర్. సైజుకి తగ్గ బరువు లేకుండా, మీట వేస్తే టప్‌మని చప్పగా మోగితే రెజిన్ కావచ్చు. పాత బొమ్మకి ముక్కు, మోకాలు, భుజం లాంటి ఎత్తైన చోట్ల రంగు అరిగి ఉంటుంది, సందుల్లో ముదురుగా ఉంటుంది. అంతటా ఒకేలా ఉంటే అనుమానించాలి.

పేరు చెక్కి ఉంది కదా అని సంబరపడొద్దు. పాత బొమ్మ మీదే అచ్చు తీసి కొత్తది పోస్తే ఆ పేరు కూడా అచ్చులో వచ్చేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక లెక్కుంది. కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటి రెండు వంతులు కుంచించుకుపోతుంది. అందుకని బొమ్మ మీద అచ్చు తీసి పోసింది ముందుదాని కన్నా కొంచెం చిన్నగా ఉంటుంది, జుట్టు, వేళ్లు, అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. అదే బొమ్మ మ్యూజియం కొలతలు దొరికితే టేపు పెట్టి పోల్చుకోవచ్చు.

వారసులు పంచుకునేటప్పుడు బొమ్మకి ముందే ధర కట్టించుకుంటే మంచిది. అప్పటి రసీదు, పెద్దల కాలం నాటి ఇంటి ఫోటోలో ఆ బొమ్మ కనిపించడం, ఏ దేవిడీ నుంచి వచ్చిందో రాసిన కాగితం, ఇలాంటివి ఏవున్నా పారేయొద్దు. వేలంవాళ్లు బొమ్మతో సమానంగా అడిగేది ఈ కాగితాలనే.

చట్టం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లల్లో పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు, 'ఇది నువ్వు తీసుకెళ్లు' అని సూట్‌కేస్‌లో పెట్టేస్తారు. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లు నిండిన శిల్పం పురావస్తువు. ఆ నిర్వచనంలో ఇక్కడ తయారైందా, ఇటలీలో తయారైందా అనే షరతు లేదు. అలాంటిదాన్ని మామూలు మనుషులు దేశం దాటించడం నిషేధం. దాటిస్తే ఆర్నెల్లకి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, కానీ లోహ శిల్పాలని రిజిస్టరింగ్ ఆఫీసర్ దగ్గర నమోదు చేయించాలి, నమోదైనవి చేతులు మారితే ఆ సంగతి తెలపాలి. పురావస్తువులు అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. కొనేముందు అది చూపించమని అడగండి.

వందేళ్లు నిండాయో లేదో తేలకపోతే, పురావస్తు శాఖ పరిశీలించి అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. పాత నకలు కొన్నవాళ్లయినా, కొత్త నకలు కొన్నవాళ్లయినా, బొమ్మ విమానం ఎక్కే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు ఆపాక చెప్పుకునే మాటలకి అక్కడ విలువ ఉండదు.